నిశ్చితార్థం తప్పిపోయాక ఉంగరం, నగలు, డబ్బు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

సంబంధం తప్పిపోయిందనగానే ఇరువైపులా మొదట వచ్చే ప్రశ్న ఉంగరం ఎవరిదని. మన దేశంలో నిశ్చితార్థపు ఉంగరం కోసం విడిగా చట్టమేమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం, ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో వస్తువును బట్టి తేలుతుంది. ఒకే పళ్లెంలో పెట్టి ఇచ్చినా ఉంగరానిది ఒక దారి, నగదుది ఒక దారి, పట్టుచీరది ఇంకో దారి. అన్నీ ఒకే మూట కట్టి "మావి మాకిచ్చేయండి" అని అడిగితే, రావాల్సినవి కూడా రాకుండా పోతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఉంగరం, నగల బిల్లులు. బరువు, క్యారెట్, మజూరీ, హాల్‌మార్క్ వివరాలు ఉన్న అసలు బిల్లు. పోతే అదే షాపులో కొన్న తేదీ, ఫోన్ నంబరు చెప్పి నకలు అడగండి.
- డబ్బు పంపిన ఖాతా స్టేట్‌మెంట్, బ్యాంకు ముద్రతో. యూపీఐ చెల్లింపైతే 12 అంకెల లావాదేవీ నంబరు.
- నిశ్చితార్థం ఫొటోలు, వీడియో, లగ్నపత్రిక, పిలుపు కార్డు.
- ఫంక్షన్ హాలు, కేటరింగ్, డెకరేషన్ రసీదులు.
- మాట్లాడుకున్న వాట్సాప్ సందేశాలున్న ఫోన్. అమ్మకండి, రీసెట్ చేయకండి.
- తాంబూలాలు మార్చుకునేటప్పుడు అక్కడే ఉన్న ఇద్దరు ముగ్గురి పేర్లు. ఒకరైనా బంధువు కానివారైతే మేలు.

1. రెండు వైపులా జాబితా రాయండి

మీరు ఇచ్చినవి ఒక కాగితం మీద, మీరు పుచ్చుకున్నవి ఇంకో కాగితం మీద. రెండోది ఎవరూ రాయరు. అవతలివాళ్ల వకీలు మొదట ఎత్తిచూపేది దాన్నే.

ఒక్కో వస్తువుకీ ఒక వరుస. "బంగారు ఉంగరం 1" అని వదిలేయకండి. ఇలా రాయండి: "మగ ఉంగరం, 22 క్యారెట్లు, 6.240 గ్రాములు, హెచ్‌యూఐడీ నంబరు ఫలానా, బిల్లు తేదీ ఫలానా, కొన్నది అమ్మాయి తండ్రి, తొడిగింది నిశ్చితార్థం రోజున." ఉంగరం లోపలి అంచున హాల్‌మార్క్ గుర్తు, 22 క్యారెట్లయితే 916, ఆ పక్కనే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు ఉంటాయి. ఆ నంబరే హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకంలో అది తప్పనిసరి. వజ్రపుటుంగరమైతే ల్యాబ్ సర్టిఫికెట్ నంబరు రాయండి.

ఎవరు కొన్నారన్నది ఎందుకంటే, దావా వేయాల్సింది వాళ్లే. ఉంగరానికి డబ్బు కట్టింది తండ్రి, కోర్టుకు వెళ్లింది కొడుకు అయితే, "నీకేం సంబంధం?" అన్న అభ్యంతరంతోనే ఏడాది గడిచిపోతుంది. అవసరమైతే ఇద్దరూ కలిసి వాదులుగా ఉండొచ్చు.

2. ఏది ఏ కోవలోకి వస్తుందో గుర్తు పెట్టండి

ఉంగరం, నగలు. పెళ్లి జరుగుతుందన్న నమ్మకం మీద పెట్టినవి. ఆ పెళ్లి లేదు కాబట్టి తిరిగి ఇవ్వాలన్నది మీ వాదన. "బహుమతి ఇచ్చారు, మేం తీసుకున్నాం, అక్కడితో సరి" అన్నది వాళ్ల వాదన. ఇచ్చి పుచ్చుకున్న బహుమతిని మనసు మారిందని వెనక్కి అడగడం కుదరదు. అయితే ఇచ్చినవారి చేతిలో లేని ఫలానా సంఘటన జరిగితే బహుమతి రద్దవుతుందని ఇద్దరూ ముందే అనుకుని ఉంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 దాన్ని ఒప్పుకుంటుంది. కాబట్టి మీరు రుజువు చేయాల్సింది ఉంగరం ఇచ్చిన సంగతి ఒక్కటే కాదు, పెళ్లి కోసమే ఇచ్చామన్న సంగతి కూడా. తాంబూలాల వేళ తొడుగుతున్న ఫొటో అందుకే పనికొస్తుంది. అదే అబ్బాయి అంతకు ఆరు నెలల ముందు పుట్టినరోజుకు ఇచ్చిన ఉంగరమైతే అది ఉత్త బహుమతి, ఆశ వదులుకోండి. ఇంకోటి: ఉంగరం ఇచ్చినవాళ్లే కారణం చెప్పకుండా తప్పుకుంటే వాళ్ల వాదన పలచబడుతుంది.

కట్నం, లాంఛనాలు. అడిగి పుచ్చుకున్నది ఏ పేరుతో ఉన్నా కట్నమే. "ఆడపడుచు లాంఛనం", "కారు కోసం", "ఖర్చులకు" అని పేరు మార్చినంత మాత్రాన మారదు. పెళ్లి కాకపోయినా, సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం అడగడమే వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 4 కింద నేరమని 1996లో ఎస్. గోపాల్‌రెడ్డి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. సెక్షన్ 5 ప్రకారం కట్నం ఒప్పందం చెల్లదు. అంటే "మాట్లాడుకున్న దాంట్లో సగమే ఇచ్చారు, మిగతాది కట్టండి" అనే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడ జాగ్రత్త: సెక్షన్ 3 కింద కట్నం ఇవ్వడమూ నేరమే. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్ల మీదే ఈ చట్టం కింద కేసు పెట్టకుండా సెక్షన్ 7(3) రక్షణ ఉంది. అలాగని "మేం సంతోషంగా 10 లక్షలు కట్నం ఇచ్చాం" అని మీ చేత్తో మీరు నోటీసులో రాసుకోకండి. ఈ ఒక్క పద్దు ఉంటే మొదటి కాగితం నుంచే వకీలు చేత రాయించండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 65 కింద డబ్బు వాపసు అడిగితే, "చెల్లని ఒప్పందమని తెలిసే ఇచ్చారు కదా" అని అవతలివాళ్లు అడ్డు తగులుతారు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

ఖర్చులు. హాలు, భోజనాలు, కార్డుల అచ్చు. ఏ కారణమూ లేకుండా పెళ్లి మానుకున్నవారి నుంచి, రసీదు ఉన్నంత మేరకు నష్టపరిహారంగా అడగొచ్చు. పరువు పోయిందని, మానసిక క్షోభ అని పెద్ద అంకె వేస్తే నోటీసు బరువు పెరగదు, నమ్మకం తగ్గుతుంది. పెళ్లి చేసుకుని తీరాలని మాత్రం ఏ కోర్టూ ఆదేశించదు.

ఇద్దరి మధ్య నడిచిన డబ్బు. నిశ్చితార్థం లేని ప్రేమ వ్యవహారాల్లో మిగిలేది ఇదే. ఫోన్ రీఛార్జి, ప్రయాణాలు, పండగ బట్టలు తిరిగి రావు. "నెలలో ఇచ్చేస్తా" అన్న ఒక్క సందేశం ఉంటే ఆ మొత్తం అప్పు. ఆ మాట లేకపోతే మీరు ఇచ్చింది కానుకని అంటారు. అవతలి మనిషి పేరున మీ డబ్బుతో స్థలం కొని ఉంటే వ్యవహారం చిక్కే: బినామీ చట్టం భార్యాభర్తలకు ఇచ్చే మినహాయింపు కాబోయేవాళ్లకు లేదు. ఉమ్మడి ఖాతా ఉంటే ఇవాళే బ్యాంకుకు రాసిచ్చి, ఇద్దరి సంతకాలతోనే డబ్బు తీసేలా మార్పించండి.

తినేసినవి, కట్టేసిన చీరలు, పంచిన స్వీట్లు జాబితాలోంచి కొట్టేయండి. వాటి కోసం పట్టుపట్టిన చోట ఉంగరం కూడా ఆగిపోతుంది.

3. రుజువులు చెదిరిపోకముందే భద్రం చేయండి

స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి మీకే మెయిల్ చేసుకోండి, ఫొటోలు అసలు ఫైళ్లుగా ఉంచండి. కోర్టులో వాటి ప్రింటు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65-బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇదే. ఇందులో రెండు భాగాలు: ఒకటి ఫోన్ వాడినవారు, రెండోది నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే కోడ్) కూడా రాయాలి. పాత నమూనా తెచ్చి నింపడం ఇప్పటికీ కనిపించే పొరపాటు.

అవతలివాళ్ల ఫోన్ తీసి చూడటం, పాస్‌వర్డ్‌తో వాళ్ల ఖాతాలోకి వెళ్లడం వద్దు. రుజువు దొరకడం సంగతి అటుంచి మీ మీదే కేసవుతుంది.

4. మొదటి సందేశం పొట్టిగా, మర్యాదగా

కోపంగా రాసిన సందేశాన్ని రేపు జడ్జి చదువుతారని గుర్తుంచుకుని రాయండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. జూన్ 14న నిశ్చితార్థంలో మా వైపు నుంచి పెట్టిన ఉంగరం (22 క్యారెట్లు, 6.240 గ్రాములు), హాలు బుకింగ్‌లో మా వంతుగా మే 28న మీ ఖాతాకు పంపిన 75,000 రూపాయలు మాకు తిరిగి రావాల్సి ఉంది. మీరు పెట్టిన ఉంగరం, గొలుసు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే ఆదివారంలోగా ఎక్కడ మార్చుకుందామో చెప్పండి."

ఇందులో మూడు పనులు జరిగాయి: వస్తువు గుర్తు, తేదీ, మీరూ తిరిగి ఇస్తామన్న మాట. "సరేనండీ, ఒక నెల టైమివ్వండి" అని జవాబొస్తే మీ చేతికి పెద్ద సాక్ష్యం వచ్చినట్టే.

రాయకూడనిది ఒకటి: "డబ్బివ్వకపోతే వరకట్నం కేసు పెడతాం." కేసు పెడతామని భయపెట్టి డబ్బు అడగడం బెదిరించి వసూలు చేయడం కిందికి వస్తుంది. నిజంగా నేరం జరిగి ఉంటే ఫిర్యాదు చేయండి. బేరానికి వాడుకోకండి.

5. పెద్దమనుషుల దగ్గర కూర్చుంటే కాగితం లేకుండా లేవకండి

నిజం చెప్పాలంటే ఈ గొడవల్లో కోర్టు కన్నా పెద్దమనుషుల మాటే త్వరగా తెగుతుంది. చిక్కల్లా నోటిమాటతో ముగించడంలో వస్తుంది. కాగితంలో ఉండాల్సినవి:

- ఇరువైపులా ఇచ్చే వస్తువుల పూర్తి జాబితా, బరువులతో.
- డబ్బు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాకు. 2 లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవద్దు. ఆదాయపు పన్ను చట్టం కింద పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు.
- ముట్టినవాటికి "ముట్టినవి" అని, ఇంకా రావాల్సినవాటికి తేదీ. రాకముందే "అన్నీ ముట్టాయి" అన్న చోట సంతకం పెట్టడం అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది.
- ఇద్దరి ఫొటోలు, చాట్లు బయటపెట్టబోమని పరస్పర హామీ.
- రెండు వైపుల నుంచి చెరొక సాక్షి, ప్రతి పేజీలో సంతకాలు, రెండు అసలు ప్రతులు.

డబ్బుకు బదులు చెక్కు ఇస్తే, చెక్కు మీది తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక వాళ్లకు 15 రోజులు, అదీ దాటితే నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ ఫిర్యాదు. ఈ గడువుల్లో ఒక్కటి తప్పినా ఆ దారి మూసుకుపోవచ్చు.

వరకట్న కేసు ఇప్పటికే నమోదై ఉంటే రాజీ కాగితం రాసుకున్నంత మాత్రాన అది ఆగదు. ఈ నేరాలు రాజీకి వీల్లేనివి. హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయాలి.

6. లీగల్ నోటీసు

జవాబు రాకపోతేనో, వాయిదాలు వేస్తుంటేనో నోటీసు ఇవ్వండి. వాస్తవాలు తేదీల వరుసలో, వస్తువుల జాబితా, అడిగే మొత్తం, 15 రోజుల గడువు. అంతే. ఉంగరమే కావాలని అడుగుతూ, "లేనిపక్షంలో ఇప్పటి మార్కెట్ విలువ" అని కూడా రాయించండి. పాత బిల్లు ధర ఒక్కటే అడిగితే బంగారం పెరిగిన తేడా మీ నెత్తినే పడుతుంది.

రిజిస్టర్డ్ పోస్టు సేవ స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడగండి. ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి, కొన్నాళ్లకు అది కనిపించదు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని కవరు వెనక్కొస్తే బాధపడకండి, అందినట్టుగానే లెక్కించే వీలుంది. ఆ కవరు విప్పకుండా అలాగే ఉంచండి.

7. లోక్ అదాలత్, లేదంటే సివిల్ కోర్టు

దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. దీనికి కోర్టు ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మగవారికి సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు.

అక్కడ తేలకపోతే సివిల్ కోర్టు. పెళ్లే కాలేదు కాబట్టి ఫ్యామిలీ కోర్టుకు పరుగెత్తకండి. ప్రతివాది ఉండే చోట గానీ, నిశ్చితార్థం జరిగిన చోట గానీ దావా వేయొచ్చు. నగ తిరిగి ఇవ్వాలని డిక్రీ ఇచ్చేటప్పుడు, ఇవ్వలేకపోతే ఎంత కట్టాలో కూడా అందులో ఉండాలి. తీర్పు నకలులో ఆ అంకె ఉందో లేదో చూసుకోండి. కేసు నమోదయ్యాక వచ్చే 16 గుర్తుల సీఎన్‌ఆర్ నంబరుతో ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు, ప్రతిసారీ గుమస్తాను అడగక్కర్లేదు.

పోలీసు స్టేషన్‌కు ఎప్పుడు?

పెళ్లి మానుకోవడం దానంతటదే మోసం కాదు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో, అమ్మాయి తండ్రి హాలుకు 75,000 రూపాయలు అడ్వాన్సు కట్టాక అబ్బాయి వేరే పెళ్లి చేసుకున్నాడు. అయినా మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందనడానికి ఆధారం లేదని సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కాబట్టి ఫిర్యాదులో చూపాల్సింది మొదటి రోజునాటి ఉద్దేశం: అప్పటికే పెళ్లై ఉండి దాచడం, దొంగ ఉద్యోగం చెప్పడం, ఇలాగే ఇంకొందరి దగ్గర వసూలు చేయడం. అప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, దాచమని ఇచ్చిన నగలు వాడేసుకుంటే సెక్షన్ 316. మ్యాట్రిమోనీ సైటులో పరిచయమై డబ్బు లాక్కుని మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

హాలు అడ్వాన్సు వేరే పని

దీన్ని అవతలి కుటుంబంతో కలపకండి. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న రద్దు షరతు చదివి, వెంటనే రాతపూర్వకంగా రద్దు చేయండి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే తేదీ మీ పేరునే ఉండిపోతుంది. మీ తేదీ మళ్లీ వేరేవాళ్లకు ఇచ్చారని తెలిస్తే ఆ రోజు హాలు బయట బోర్డు ఫొటో తీయండి. అదే తేదీకి రెండు సార్లు అద్దె తీసుకుని మీ అడ్వాన్సు మొత్తం ఉంచుకోవడం సమర్థించుకోలేరు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రసీదు ఎవరి పేరున ఉందో వారే ఫిర్యాదు చేయాలి.

విదేశాల్లో ఉన్నవారికి

ఇక్కడి లెక్క అక్కడ పనికిరాదు. ఇంగ్లండ్‌లో 1970 చట్టం ఉంగరాన్ని పూర్తి బహుమతిగానే భావిస్తుంది, షరతు మీద ఇచ్చామని రుజువు చేస్తే తప్ప. అమెరికాలో రాష్ట్రానికో తీరు: ఎవరి తప్పైనా ఉంగరం ఇచ్చినవారికే చెందుతుందని మసాచుసెట్స్ సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. మోంటానాలో 2002 తీర్పు ప్రకారం అది పుచ్చుకున్నవారిదే.

వస్తువు చేతికొచ్చిన రోజున

జేబులో వేసుకుని వచ్చేయకండి. అక్కడే, లేదా దగ్గర్లోని నగల షాపులో తూకం వేయించి బిల్లుతో పోల్చండి. కొన్ని మిల్లీగ్రాముల తేడా అరుగుదల వల్ల రావొచ్చు. అర గ్రాము తేడా వస్తే ఉంగరం మారిందని, సైజు తగ్గించారని, రాయి తీశారని అనుమానించండి. బీఐఎస్ కేర్ యాప్‌లో హెచ్‌యూఐడీ కొడితే స్వచ్ఛత, వస్తువు రకం కనిపిస్తాయి. యాప్‌లో "గొలుసు" అని వచ్చి చేతిలో ఉంగరం ఉంటే అక్కడే ఆగండి. అన్నీ సరిపోయాకే రసీదు మీద సంతకం. డబ్బైతే ఖాతాలో జమ అయినట్టు చూశాకే. "పంపించాం" అన్న స్క్రీన్‌షాట్ చూసి కాదు.

గడువులు

హాలు మీద వినియోగదారుల ఫిర్యాదుకు 2 ఏళ్లు, నగలకూ డబ్బుకూ సివిల్ దావాకు మామూలుగా 3 ఏళ్లు. సంబంధం తప్పిన తేదీ, తిరిగి ఇవ్వబోమని వాళ్లు చెప్పిన తేదీ, రెండూ రాసి పెట్టుకుని ముందు వచ్చేదాని నుంచే లెక్కేయండి. పెద్దమనుషుల మధ్య ఎన్నాళ్లు నలిగినా గడువు ఆగదు. మూడేళ్లు నిండకముందే వాళ్ల సంతకంతో "ఇవ్వాల్సి ఉంది" అని ఒక్క కాగితం రాయించుకుంటే, ఆ సంతకం తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. నిండాక రాయించుకున్న కాగితంతో ఆ గడువు తిరిగి రాదు.